స్లాట్.ఇట్ మజ్దా 787బి: లె మాన్ గెలిచిన 55 నంబరుకు తగిన మోడల్

1/32 స్లాట్ కార్లలో (ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే, అసలు కారులో 32వ వంతు బొమ్మ కార్లలో) గ్రూప్ సి బండి, అంటే 1980లు, 90ల మొదట్లో దూర రేసులకు తయారైన తరగతి కారు, కొనాలనుకునేవాళ్ల చూపు ముందు పోర్షే 956 మీదో, 962 మీదో పడుతుంది. అవి మంచి కార్లే. కానీ ఒక్కటే కొనే వీలుంటే ఇటలీ కంపెనీ స్లాట్.ఇట్ చేసిన మజ్దా 787బి తీసుకోండి. అందులోనూ ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లె మాన్‌ను 1991లో గెలిచిన నారింజ, ఆకుపచ్చ రంగుల 55 నంబరు కారు. ఒక్క ల్యాప్ మెరుపు కోసమైతే వేరే కార్లున్నాయి. అరగంట రేసులో మొదటి ల్యాప్ ఎలా వచ్చిందో ఆఖరి ల్యాపూ అలాగే రావాలనుకునేవాళ్లకు ఇది సరైన బండి. అసలు కారు గెలిచింది కూడా ఆ పద్ధతిలోనే.

ఆ కారు గుండెకాయ ఆర్26బి ఇంజిన్. అది రోటరీ ఇంజిన్, అందులో పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే మూడు మూలల రోటర్లుంటాయి. 654 సీసీల రోటర్లు నాలుగు వరుసగా ఉంటాయి, మొత్తం 2,616 సీసీ. ఒక్కో రోటరుకు 3 స్పార్క్ ప్లగ్గులు. రోటరు మూలల్లో గ్యాసు జారిపోకుండా ఆపే సీళ్లు సిరామిక్‌వి. రోటరీ ఇంజిన్‌కు తక్కువ వేగంలో లాగే బలం తక్కువ. అందుకే గాలి లోపలికి వెళ్లే గొట్టాలు ఇంజిన్ వేగాన్ని బట్టి పొడవు మారేలా చేశారు. తక్కువ వేగంలో గొట్టం సాగుతుంది, వేగం పెరిగేకొద్దీ పొట్టిదవుతుంది. ఫలితం 9,000 ఆర్పీఎం దగ్గర 700 హార్స్‌పవర్. కారు డిజైనర్ నైజెల్ స్ట్రౌడ్.

అయితే గెలుపు అశ్వశక్తి వల్ల రాలేదు. ఆ ఏడాది పాత గ్రూప్ సి కార్లు కనీసం 1,000 కిలోలు ఉండాలన్నది నియమం. మజ్దాకు మాత్రం 830 కిలోలకే అనుమతి దొరికింది. 24 గంటలకు కలిపి ఇంధనం 2,550 లీటర్లే. బరువైన జాగ్వార్లు పెట్రోలు లెక్క చూసుకుంటూ పరుగెత్తాల్సి వస్తే, తేలికైన మజ్దా టైర్లనూ బ్రేకులనూ తక్కువ అరగదీస్తూ తన వేగంలోనే సాగిపోయింది. 55 నంబరు బయల్దేరింది 19వ స్థానం నుంచి. నడిపినవాళ్లు జానీ హెర్బర్ట్, ఫోల్కర్ వైడ్లర్, బెర్ట్రాండ్ గాషో. ముందంజలో ఉన్న మెర్సిడెస్ సి11 పోటీకి ఇంకా సుమారు 3 గంటలుండగా వేడెక్కి ఆగిపోయింది. మజ్దా 362 ల్యాపులు, అంటే 4,922 కిలోమీటర్లు పూర్తి చేసింది. రెండో స్థానంలోని జాగ్వార్ 360 దగ్గరే ఉండిపోయింది. చివరి వంతు నడిపిన హెర్బర్ట్ దిగగానే సొమ్మసిల్లడంతో విజేతల వేదిక ఎక్కలేకపోయాడు.

'ఈ గెలుపు చూసి రోటరీని నిషేధించారు' అని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్ల నియమం ఈ రేసుకు ముందే ఖాయమైంది. 1991 లోనే ఆ కొత్త కార్లకు గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే వరుసలో, మొదటి పది స్థానాలు కేటాయించారు. మరుసటి ఏడాది మజ్దా కూడా జడ్ వి10 ఇంజిన్‌తో వచ్చింది.

ఇక మోడల్. అసలు కారు పొడవు సుమారు 4.78 మీటర్లు. 32తో భాగిస్తే 150 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. చేతిలోకి తీసుకోగానే ఎంత బల్లపరుపుగా ఉందో తెలుస్తుంది. రంగులు దుస్తుల కంపెనీ రెనౌన్‌వి. నారింజ, ఆకుపచ్చ ముక్కలు ఏటవాలుగా కలిసే అంచులు చాలా ఉన్నాయి, ఈ కారుకు రంగు వేయడంలో కష్టమంతా అక్కడే. కొనేటప్పుడు పైనుంచి కాకుండా పక్కనుంచి, తలుపు గీత మీదా చక్రాల కమాను మీదా ఆ అంచు తెగకుండా సాగుతోందో లేదో చూడండి. ముద్ర అర మిల్లీమీటరు జరిగినా అక్కడ దొరికిపోతుంది. 830 కిలోలను ఇదే స్కేలుకు ఘనపరిమాణం లెక్కన కుదిస్తే 25 గ్రాములు వస్తుంది. మోడల్ బరువు దానికి దాదాపు మూడు రెట్లు. అసలు కారు తేలిక వల్ల గెలిచినా, స్లాట్ కారుకు బరువు సరైన చోట ఉండటం ముఖ్యం.

మోటారు నిలువుగా, అంటే కారు పొడవు దిశలో కూర్చుంటుంది. 12 వోల్టుల దగ్గర నిమిషానికి 20 వేలకు పైగా తిరుగుతుంది. మోటారు కొసన ఉండే చిన్న గేరు పినియన్‌కు 9 పళ్లు, వెనుక యాక్సిల్ మీది క్రౌన్ గేరుకు 28. నిష్పత్తి 3.11. మోటారు మీద భారం లేకుండా లెక్కేస్తే గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగం, ఇంట్లో ట్రాక్‌కు అది ఎక్కువే. మోటారు, వెనుక యాక్సిల్ కలిపి పాడ్ అనే విడి తొట్టెలో ఉంటాయి, ఆ పాడ్‌ను స్క్రూలతో చాసిస్‌కు బిగిస్తారు. ఈ కారులో అసలు విలువ ఆ పాడ్‌దే. దాన్ని వదులు చేస్తే వెనుక చక్రాల కుదుపు బాడీదాకా రాదు.

పెట్టెలోంచి తీసి నేరుగా పరుగెత్తించకండి. మొదట పాడ్ స్క్రూలు పూర్తిగా బిగించి, ఒక్కోటి పావు చుట్టు వెనక్కి తిప్పండి. వేలితో వెనుక చక్రాన్ని నొక్కితే పాడ్ చాసిస్‌లో కొద్దిగా కదిలి టిక్కుమనాలి. బాడీ స్క్రూలు అర చుట్టు వదులు. బిగుతుగా ఉంటే మూలమలుపులో వెనుక భాగం గంతులేస్తుంది. మరీ వదిలితే టైరు చక్రపు కమానుకు రాసుకుని కారు నెమ్మదిస్తుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. స్క్రూలు ఊడకుండా తలమీద గోళ్ల రంగు ఒక చుక్క చాలు.

తర్వాత టైర్లు. రిమ్ మీద జిడ్డు తుడిచి, పలుచటి సూపర్ గ్లూ రెండు మూడు చోట్ల పెట్టి టైరు ఎక్కించండి. పూర్తిగా ఆరాక, బల్లకు అంటించిన 240 నంబరు గరుకు కాగితం మీద వెనుక చక్రాలు ఆనించి, 5-6 వోల్టులతో మోటారు తిప్పుతూ చాలా తేలిగ్గా నొక్కండి. చివర్లో 400 నంబరు. టైరు వెడల్పంతా ఒకే రంగులోకి మారితే ఆపేయవచ్చు. రబ్బరు పొడి మోటారు రంధ్రాల్లోకి పోకుండా అక్కడ ముందే టేపు వేయండి. ఈ పని ఎగ్గొడితే మిగతా సర్దుబాట్లన్నీ దండగ, ఎందుకంటే గుండ్రంగా లేని టైరు ప్రతి చుట్టులో కారును ఎత్తి పడేస్తుంది.

ముందు యాక్సిల్ ఎత్తును గ్రబ్ స్క్రూలు అనే తల లేని చిన్న స్క్రూలతో సరిచేయవచ్చు. గాజు పలక మీద కారు పెట్టండి. ట్రాక్ గాడిలో దిగి కారును నడిపించే గైడ్ కిందికి వేలాడేలా పలక అంచు దగ్గర ఉంచితే మంచిది. ముందు చక్రాలు గాజును తాకీ తాకనట్టు ఉండాలి. చక్రాలే ముక్కును మోస్తుంటే ట్రాక్ పట్టాల నుంచి కరెంటు అందుకునే అల్లిక తీగ బ్రెయిడ్‌కు కరెంటు సరిగా అందక కారు ఆగి ఆగి కదులుతుంది. బ్రెయిడ్ కొసలు విసనకర్రలా విప్పి కాస్త కిందికి వంచండి, ఎక్కువ వంచితే అదే స్ప్రింగులా ముక్కును లేపుతుంది.

గేరు విషయంలో క్రౌన్ గేరును యాక్సిల్ మీద పక్కకు జరిపి పినియన్‌తో పట్టు సరిచేస్తారు. వేళ్లతో యాక్సిల్ తిప్పితే కాగితమంత సందు తగలాలి. కీచుమంటే పట్టు ఎక్కువ, గరగరలాడితే తక్కువ. ఆ గరగరతోనే నడిపితే ప్లాస్టిక్ పళ్లు తినేస్తుంది. మొదటి అరగంట తర్వాత గేరును యాక్సిల్‌కు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ మళ్లీ బిగించండి. సరైన అలెన్ కీ వాడాలి, లేదంటే ఆరు పలకల రంధ్రం గుండ్రమై గేరు ఇక ఊడి రాదు.

అయస్కాంతం సంగతి. ఇనుప పట్టాల ప్లాస్టిక్ ట్రాక్ మీద అది కారును నేలకు పట్టి ఉంచుతుంది, పిల్లలు నడిపితే ఉంచండి. రాగి టేపు వేసిన చెక్క ట్రాక్ మీద దానికి పనే లేదు. అయస్కాంతం తీశాక గైడ్ వెనకాల 2-3 గ్రాముల సీసం పెట్టండి. కరేరా సెట్టులో వచ్చే 14.8 వోల్టులు అప్పుడు ఈ మోటారుకు ఎక్కువ. వోల్టేజీ తగ్గించే సరఫరా ఉంటే 10-11 దగ్గర నడపండి, ల్యాప్ సమయం తగ్గడం కూడా చూస్తారు.

లోపాలు చెప్పాలి. వెనుక రెక్క, పక్క అద్దాలు సన్నటి ప్లాస్టిక్. ట్రాక్ బయటికి ఎగిరి బోర్లా పడితే ముందు పోయేది రెక్కే. రేసుకు వాడేవాళ్లు అద్దాలు తీసి దాచుకుని, రెక్క మొదలుకు సాగే గుణమున్న జిగురు ఒక చుక్క పెట్టాలి. సూపర్ గ్లూ అయితే తగిలినప్పుడు ప్లాస్టిక్‌తో సహా విరుగుతుంది. మన ఇళ్లలో ట్రాక్ నేలమీద పరుస్తాం కాబట్టి జుట్టు, దుమ్ము వెనుక యాక్సిల్‌కు చుట్టుకుంటాయి. యాక్సిల్ తిరిగే బుష్‌ల దగ్గర పిన్నీసుతో లాగేసి, ఒక్క చుక్క పలుచటి నూనె వేయండి. రెండో చుక్క టైరు మీదికి జారుతుంది.

మన దగ్గర ఈ కార్లు ఎక్కువగా బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. కొరియర్ ఖర్చు, దిగుమతి సుంకం కలిస్తే బండి ధర బాగా పెరుగుతుంది. అందుకని అదే పార్శిల్‌లో రెండు జతల వెనుక టైర్లు, ఒక 28 పళ్ల క్రౌన్ గేరు, ఒక గైడ్, బ్రెయిడ్ ప్యాకెట్టు, గ్రబ్ స్క్రూలు కూడా చేర్చి ఆర్డరు పెట్టండి. కారుకే డబ్బు సరిపోయి వీటికి మిగలకపోతే కొన్నాళ్లు ఆగి కొనండి. టైర్లు అరిగిపోయాక మరో పార్శిల్ కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సిన పని ఉండదు.