కారు ఫస్ట్ ఎయిడ్ డబ్బా: దెబ్బ తగిలినప్పుడు ఏ మాత్రం అక్కరకొస్తుంది?

కొత్త కారు కొంటే షోరూములో తాళాలు, పూలదండ, స్వీట్ల డబ్బాతో పాటు ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా ఇస్తారు. రూలు ఉంది కాబట్టి ఇస్తారు. అది డిక్కీలో స్టెప్నీ పక్కన చేరి, కారు చేతులు మారేదాకా సీలు ఊడకుండా అక్కడే పడి ఉంటుంది. హైదరాబాదులో ఇప్పుడు ఇవి మూడు రకాలు: ఈ షోరూము డబ్బా, యాక్సెసరీస్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే జిప్ సంచి, కోఠి సర్జికల్ షాపుల్లో విడివిడిగా కొని మనమే కూర్చుకునే సరంజామా. కారు ప్రమాదంలో మామూలుగా తగిలే దెబ్బలను ముందు పెట్టుకుని ఈ మూడింటినీ చూశాం.

షోరూము డబ్బాలో సాధారణంగా బ్యాండెయిడ్లు, రెండు మూడు డ్రెస్సింగులు, కాస్త దూది, ప్లాస్టర్ చుట్ట, యాంటీసెప్టిక్ క్రీము, బొమ్మ కత్తెర లాంటిదొకటి ఉంటాయి. పార్కులో పిల్లాడు మోకాలు గీసుకుంటే భేషుగ్గా సరిపోతుంది. బండి గుద్దుకున్నప్పుడు చాలదు. పచ్చి గాయం మీద దూది పెడితే నూగు అతుక్కుపోయి, తర్వాత డ్రెస్సింగ్ చేసేవాళ్ళు దాన్ని ఒక్కో పోగూ ఏరాల్సి వస్తుంది. ఇక నుదురో మాడో చిట్లితే రక్తం ధార కడుతుంది. దాన్ని ఆపడానికి అరచేతి మందాన గాజ్ (గాయాలకు వాడే పలచటి జాలీ గుడ్డ) మడిచి, గడియారం చూసుకుని పది నిమిషాలు చెయ్యి తీయకుండా నొక్కాలి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూశారంటే గడ్డకడుతున్న రక్తం ఊడి పని మళ్ళీ మొదటికొస్తుంది. తడిసిపోతే పైన ఇంకోటి వేయాలి, కిందిది లాగకూడదు. వేళ్ళ కింద పుర్రె ఎముక లోపలికి దిగినట్టు అనిపిస్తే మాత్రం నొక్కకండి, వదులుగా కప్పి ఉంచండి. గాజుపెంకు గుచ్చుకుని ఉంటే పీకొద్దు, చుట్టూ గాజ్ దొంతరలు పేర్చి అది కదలకుండా కట్టాలి. ఇంత పనికి 10 సెంటీమీటర్ల చదరపు గాజ్ ముక్కలు పదైనా కావాలి.

జిప్ సంచి చూడ్డానికి బాగుంటుంది. అట్ట మీద వంద వస్తువులని రాస్తారు గానీ, విప్పి లెక్కపెడితే వాటిలో ఎక్కువ భాగం బ్యాండెయిడ్లు, స్పిరిట్ స్వాబులు, పిన్నీసులు. కొన్నింటిలో టూర్నికే (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించి కట్టేది) పేరుతో రబ్బరు పట్టీ ఒకటి పెడుతున్నారు. రక్త పరీక్షకు చేతికి కట్టే రకం అది. సిరను మూస్తుంది, ధమనిని మూయలేదు, అంటే రక్తం పోవడం ఆగదు సరికదా పెరుగుతుంది. నిజమైన టూర్నికేకి కడ్డీ తిప్పి బిగించే ఏర్పాటు ఉంటుంది. చేయో కాలో నుజ్జై, ఎంత నొక్కినా రక్తం ఆగనప్పుడే దాని పని. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా కట్టి, కట్టిన టైము మార్కర్‌తో రాయాలి. మధ్యలో వదులు చేయకూడదు. ఆ సంచుల్లోనే వచ్చే స్పాంజి మెడపట్టీ మరీ మోసం: మెడను కదలకుండా ఆపదు, అయినా అది ఉందన్న ధైర్యంతో మనిషిని బయటికి లాగేస్తారు. మంటలు లేవడమో, పెట్రోలు కారడమో లేకపోతే మనిషిని సీట్లోనే ఉంచి, వెనక నుంచి రెండు చేతులతో తల పట్టుకోవడం మేలు. నొప్పుల స్ప్రే బెణుకుకు సరే, చిట్లిన చర్మం మీద కొట్టకూడదు. తలకు దెబ్బ తగిలిన మనిషికి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ఇవ్వొద్దు, రక్తస్రావం పెరిగే ప్రమాదముంది.

మా ఓటు కోఠి సరంజామాకే. 10 సెంటీమీటర్ల గాజ్ ఇరవై, రోలర్ బ్యాండేజీలు 10, 15 సెంటీమీటర్లవి రెండేసి, 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు రెండు, చెయ్యి మెడకు వేలాడదీయడానికి మూడు మూలల గుడ్డ రెండు, నాలుగు జతల నైట్రైల్ గ్లౌజులు, 5 సెంటీమీటర్ల మైక్రోపోర్ టేపు, గాయం కడగడానికి 100 మిల్లీలీటర్ల సెలైన్ రెండు, మొన మొద్దుగా ఉండి సీటు బెల్టునైనా కోయగల కత్తెర, చిన్న టార్చి, మార్కర్. బ్యాండెయిడ్లు షోరూము డబ్బాలో ఉన్నవి చాలు. దీన్ని డిక్కీలో పెట్టకండి. వెనక నుంచి గుద్దితే మొదట ఇరుక్కుపోయి తెరుచుకోనిది డిక్కీయే. వెనక అద్దం కింద అరమీద అసలే వద్దు, సడన్ బ్రేకుకు ఎగిరొచ్చి తలకు తగులుతుంది. ముందు సీటు కింద పట్టీతో బిగించండి. మన మే నెల ఎండలో నిలబెట్టిన కారులో ప్లాస్టర్ జిగురు కారిపోతుంది, క్రీము విరుగుతుంది, గ్లౌజులు అంటుకుంటాయి. వానలు మొదలయ్యాక ఒకసారి విప్పి, పాడైనవి మార్చుకోవాలి.

మూడింటిలోనూ లోపించింది ఒకటే, పనికొచ్చే చీటీ. ఉన్నచోట చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. అసలు రాయాల్సింది ఈ డబ్బా ఎక్కడ ఆగిపోతుందో, ఆసుపత్రికి ఎప్పుడు కదలాలో. ఎందుకంటే కారు ప్రమాదంలో ప్రాణం తీసే దెబ్బల్లో చాలావాటికి పైకి రక్తమే కనబడదు.

తలకు దెబ్బ తగిలాక “మాట్లాడుతున్నాడు కదా” అనుకోవడం పెద్ద పొరపాటు. పుర్రె లోపల రక్తం చేరుతున్నా మనిషి కొంతసేపు మామూలుగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా కూలబడొచ్చు. కాసేపైనా స్పృహ తప్పడం, జరిగింది గుర్తుండకపోవడం, ఒకటికి మించి వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, మగత, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దది కావడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. అరవై అయిదు దాటినవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఇవేవీ లేకపోయినా చూపించుకోవాలి. ఇంటికి పంపేసినా మొదటి 24 గంటలు పక్కన ఒక మనిషి ఉండాలి.

మెడ నొప్పి తరచు మర్నాడు మొదలవుతుంది. పట్టేసినట్టుండి మెల్లగా తిరుగుతుంటే పారాసిటమాల్ వేసుకుని మెడను కాస్త కాస్త కదిలిస్తూ ఉండాలి, వారాల తరబడి పట్టీ పెట్టుకుంటే ఇంకా బిగుస్తుంది. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, మెడ వెన్నెముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, ఏ పక్కకైనా 45 డిగ్రీలు తిప్పలేకపోయినా ఆసుపత్రికి వెళ్ళకుండా ఆగకూడదు.

పొట్ట మీద సీటు బెల్టు వెడల్పున కమిలిన చార కనబడితే, నొప్పి లేకున్నా డాక్టరు చూడాలి. బెల్టు ప్రాణం కాపాడింది నిజమే, కానీ ఆ ఒత్తిడికి పేగు చిట్లితే లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. ఎడమ భుజానికి దెబ్బ లేకుండానే నొప్పి వస్తే పొట్టలో ఎడమవైపుండే ప్లీహం నుంచి రక్తం కారుతుండొచ్చు. అందుకే ఆక్సిడెంటయిన మనిషికి చుట్టూ చేరినవాళ్ళు గోలీ సోడా, మంచినీళ్ళు తాగించకూడదు: ఆపరేషన్ అవసరమైతే నిండిన పొట్ట మత్తుమందుకు అడ్డం. గాయానికి పసుపు, కాఫీ పొడి కూడా అద్దకూడదు. పక్కటెముక విరిగిందనుకుంటే ఛాతీ చుట్టూ బిగించి కట్టొద్దు, ఊపిరి నిండుగా అందక న్యుమోనియా రావచ్చు. ఆయాసం, పెదవులు నీలమవడం ఉంటే 108.

డాష్‌బోర్డుకు మోకాలు గుద్దుకుంటే ఆ పోటు తొడ ఎముక గుండా పైకెళ్ళి తుంటి కీలును వెనక్కి జార్చగలదు. కాలు పొట్టిగా, లోపలికి తిరిగి ఉంటుంది. ఆరు గంటల్లో సరిచేయకపోతే ఎముక తలకు రక్తం అందక పాడయ్యే ముప్పు పెరుగుతుంది కాబట్టి, ఎక్స్‌రే తీయకుండా పుత్తూరు కట్టు అనకండి. ఎయిర్‌బ్యాగ్ పొడి కళ్ళలో పడితే పావుగంట నీళ్ళతో కడగాలి. ఇరవై వారాలు దాటిన గర్భిణికి ఎంత చిన్న గుద్దయినా, బిడ్డ గుండె చప్పుడును కనీసం నాలుగు గంటలు చూసే చోటికి తీసుకెళ్ళాలి. మట్టి పట్టిన గాయమైతే, చివరిసారి టీటీ వేయించుకుని అయిదేళ్ళు దాటిందేమో చూడండి.

ఫోను చేసేటప్పుడు చోటు సరిగ్గా చెప్పండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కిందైతే పిల్లర్ నంబరు, ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే దగ్గరి ఎగ్జిట్ నంబరు, ఏ వైపు వెళ్తున్నారో. అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది. సాయం చేసిన దారినపోయేవాళ్ళను వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో మనిషికి లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం ఉంది. చేర్చుకునేటప్పుడే అడగండి. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే ఆసుపత్రి రాసే ప్రమాదం రికార్డు) నమోదయిందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, తర్వాత ఇన్సూరెన్సు క్లెయిముకు అదే అడుగుతారు.

పైన చెప్పిన లక్షణాలను లావు అక్షరాల్లో తెలుగులో రాసి డబ్బా మూత లోపల అంటించుకోండి. దాని కిందే ఇంట్లోవాళ్ళ బ్లడ్ గ్రూపులు, ఎవరికి ఏ మందు పడదు, ఎవరు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు, దాని పేరేమిటి అన్నది కూడా.