టైనీ హౌస్ పనికి 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ ఎలా ఉంది?

టైనీ హౌస్, అంటే బుల్లి ఇల్లు, సొంతంగా కట్టుకునేవాళ్లు ముందు ఏం కొనాలని నన్నడిగితే, 18 వోల్టుల బ్రష్‌లెస్ (మోటారులో కార్బన్ బ్రష్‌లు లేని) ఇంపాక్ట్ డ్రైవర్ అంటాను, అంటే స్క్రూలు బిగించే బ్యాటరీ మెషిన్. మా ఇంటి చెక్క ఫ్రేమ్ మొత్తం దీంతోనే బిగించాం. బిగించింది మేస్త్రీలు కాదు, అన్నయ్య, వదిన, నా ఫ్రెండ్స్. పొడవాటి స్క్రూ గట్టి చెక్కలోకి దిగేటప్పుడు మామూలు డ్రిల్ మణికట్టును మెలిపెడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్‌లో అయితే లోపలున్న సుత్తి తిరుగుతూ దెబ్బ మీద దెబ్బ వేస్తుంది కాబట్టి ఆ విసురు చేతికి పెద్దగా తగలదు. అంతకుముందు ఏ పనిముట్టూ పట్టని వదిన ఒక గోడంతా ఒక్కరే బిగించేశారు. చూస్తుంటే ఎంత ముచ్చటేసిందో!

ప్లస్ గుర్తు బిట్ (మెషిన్ కొనకు తగిలించే, స్క్రూ తలలో దూరే ముక్క) వాడొద్దు, జారిపోయి స్క్రూ తల అరిగిపోతుంది. నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ బిట్ పట్టు వదలదు. ఫ్రేమ్‌కి జిప్సం బోర్డు స్క్రూలు కూడా వద్దు, అవి పెళుసు, బరువు పడితే పుటుక్కున విరుగుతాయి.

నాకు నచ్చనిది చప్పుడు. అంత చిన్న గదిలో చెవులకు రక్షణ లేకుండా వాడకండి. ఇంకోటి, చాలా మోడళ్లలో క్లచ్, అంటే స్క్రూ తగినంత బిగియగానే తిప్పడం ఆపేసే ఏర్పాటు, ఉండదు. పైకప్పు రేకుల స్క్రూల కింద రబ్బరు వాషర్ ఉంటుంది కదా, కాస్త ఎక్కువ బిగిస్తే అది నలిగి పక్కకి ఉబుకుతుంది, తర్వాత వాన నీళ్లు అక్కడే కారతాయి. అందుకని పైకప్పు మాత్రం క్లచ్ ఉన్న డ్రిల్‌తోనే చేయండి. బ్యాటరీలు రెండు తీసుకోండి, సాయానికి వచ్చినవాళ్లు ఛార్జింగ్ కోసం ఖాళీగా కూర్చోవాల్సిన పని ఉండదు.