హెడ్ గ్యాస్కెట్ రెండోసారి మార్పించి రెండున్నరేళ్లు: మా డీజిల్ వ్యాన్ అనుభవం

మా 13 సీట్ల డీజిల్ వ్యాన్‌కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, దాని పైన మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య పెట్టే ప్యాకింగ్) రెండుసార్లు మార్పించాను. మొదటిది నాలుగు నెలలకే పోయింది. రెండోది 84 వేల కిలోమీటర్లు తిరిగినా గట్టిగా నిలబడింది. రెండూ ఒకే కంపెనీవి, స్టీలు పొరలవే, ధరలోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా గ్యాస్కెట్ పెట్టకముందు జరిగిన పనిలోనే ఉంది. ఈ ఖర్చు మీద పడబోయేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. బండి ఎక్కువగా మారేడుమిల్లి, భద్రాచలం ట్రిప్పులకే వెళ్తుంది. మే నెలలో ఒకరోజు నిండా జనంతో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే రేడియేటర్ కింది హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లి మళ్లీ దిగింది. చల్లబడిందనుకుని డ్రైవర్ ఇంకో మూడు కిలోమీటర్లు లాగాడు. అసలు సంగతేమిటంటే, నీళ్లు పూర్తిగా పోయాయి. సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడి సరిగ్గా చూపిస్తుంది, గాల్లో ఉంటే ముల్లు దిగిపోతుంది. పుల్లింగ్ పోయి బండి ఆగిపోయాక, కంగారులో పక్క వాగులోంచి నీళ్లు తెచ్చి కాలుతున్న ఇంజన్‌లో పోశాం. అల్యూమినియం హెడ్‌కి అంతకన్నా చెడ్డపని లేదు. ఇంజన్ చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా కూర్చోవలసింది.

మర్నాడు స్టార్ట్ చేస్తే తెల్లపొగ. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా బిగుసుకునేది. రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే ఎసరు మరిగినట్టు బుడగలు. ఆయిల్ మూత లోపలివైపు మీగడలా తెల్లటి జిగురు. ఈ నాలుగూ కలిసి కనపడితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే, ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

మొదటిసారి ఊళ్లోనే చేయించాను. ఒకటిన్నర రోజు, 11 వేలు. హెడ్ దించి, పాత ప్యాకింగ్ గీకేసి, ఎమరీ కాగితంతో రుద్ది, కొత్తది పెట్టి, పాత బోల్టులతోనే బిగించారు. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు) తీసేశారు, మన ఎండలకి అది అక్కర్లేదన్నారు. నేనూ నమ్మాను. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ బుడగలు.

ఈసారి బండిని లారీ మీద వేసుకుని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రిగారు గ్యాస్కెట్ ఊసే ఎత్తలేదు. "ముందు హెడ్ చూద్దాం రండి" అని బల్ల మీద బోర్లించి, శుభ్రంగా తుడిచి, దాని మీద స్టీలు స్కేలు అంచున నిలబెట్టారు. కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకు (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చితే సులువుగా దూరింది. 0.10 దూరింది. 0.15 రేకు రెండు, మూడు సిలిండర్ల మధ్య కొంచెం పట్టి దూరింది. మా ఇంజన్‌కి ఒప్పుకునేది 0.05 వరకే. పాత గ్యాస్కెట్ కూడా సరిగ్గా ఆ రెండు సిలిండర్ల మధ్యే నల్లగా కాలి ఉంది. అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కింద బ్లాకు ఇనుముది, పైన హెడ్ అల్యూమినియంది, మధ్యలో బోల్టులు కదలనివ్వవు. అందుకే అతిగా కాలిన హెడ్ వంగుతుంది. వంగిన హెడ్ కింద ఎంత మంచి గ్యాస్కెట్ పెట్టినా ఉపయోగం ఉండదు.

హెడ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించారు. పగులు లేదు. అప్పుడు ఫేసింగ్ కొట్టించారు, అంటే హెడ్ అడుగుని మిషన్ మీద చెక్కించి చదును చేయించారు. డీజిల్ హెడ్‌కి ఫేస్ కొడితే వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి కాబట్టి, వాల్వు సీట్లు కోయించి లోతు మళ్లీ కొలిచారు. తర్వాత డయల్ గేజ్ పెట్టి నాలుగు పిస్టన్లూ బ్లాకు మట్టానికి ఎంత పైకొస్తున్నాయో చూశారు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని బట్టే గ్యాస్కెట్ మందం. మా ఇంజన్ గ్యాస్కెట్లకి అంచున గాట్లు ఉంటాయి, గాటు పెరిగితే మందం పెరుగుతుంది. మాకు కావలసింది రెండు గాట్లది. మొదటిసారి షాపులో ఏది దొరికితే అది, ఒక గాటుది వేశారు.

బోల్టుల సంగతి నా కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నాను. పాత బోల్టు, కొత్త బోల్టు పక్కపక్కన నిలబెడితే పాతది దాదాపు 2 మిల్లీమీటర్లు పొడుగు. ఇవి సాగే రకం బోల్టులు, మళ్లీ వాడకూడదు. బోల్టు గుంతల్లో మిగిలిన నీళ్లు, ఆయిల్ గాలితో ఊది తీసేశారు. లేకపోతే బిగించేటప్పుడు ఆ ద్రవం నొక్కుకుని బ్లాకే పగలొచ్చు. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి అంచులకి వెళ్తూ టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానా) విడతలుగా బిగించారు, ఆ తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పారు. సీలెంట్ పూయలేదు. స్టీలు పొరల గ్యాస్కెట్ పొడిగానే కూర్చోవాలి.

వాటర్ బాడీ (నీళ్ల పంపు), థర్మోస్టాట్, రేడియేటర్ మూత, హోసులు, ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు అన్నీ కొత్తవి వేశారు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, సిస్టమ్‌లో గాలి మిగలకుండా తీశారు. నీళ్లు కలిసిన ఆయిల్ మార్చి, 300 కిలోమీటర్లకి మళ్లీ మార్పించారు. లారీ కిరాయి కాక 38,500 అయింది. అందులో గ్యాస్కెట్ 2,600 మాత్రమే. బండి ఎనిమిది రోజులు ఆగింది, మూడు ట్రిప్పులు పోయాయి. అది నిజంగా బాధే. కానీ రెండుసార్లకీ కలిపి దాదాపు 50 వేలు పెట్టినవాడిగా చెప్తున్నాను, మొదటే ఇలా చేయించి ఉంటే 11 వేలు మిగిలేవి, నాలుగు నెలల దిగులు తప్పేది.

మధ్యలో 40 వేల దగ్గర ఒక హోస్ క్లిప్పు చెమ్మగిల్లింది, మార్చేశాం. కూలెంట్ మట్టం తగ్గితే మోగే బజర్ ఒకటి ట్యాంకుకి పెట్టించాను. ముల్లుని మళ్లీ నమ్మే ధైర్యం నాకు లేదు. మైలేజీ మొదటి రిపేరు తర్వాత తొమ్మిదిన్నరకి పడింది, ఇప్పుడు పదకొండు ఇస్తోంది.

మొన్న శ్రీరామనవమికి నిండా జనంతో భద్రాచలం వెళ్లొచ్చాం. అదే ఘాట్, అదే సెకండ్ గేర్, ఏసీ వేసే ఉంది. ముల్లు మధ్య గీత దగ్గరే నిలబడింది. మర్నాడు పొద్దున్నే ఆయిల్ మూత తీసి వేలితో తుడిచి చూశాను. నల్లటి ఆయిలే, తెలుపు జాడ లేదు. కూలెంట్ రెండు గీతల మధ్య ఎక్కడుందో అక్కడే ఉంది.