జాగ్రత్త: పెద్ద తెర అని రాసిన ప్రతి హాల్లోనూ పెద్ద బొమ్మ పడదు

మామూలు టికెట్‌కి రెండింతలు పెట్టి, మామూలు హాల్లో కంటే మసకగా ఉన్న బొమ్మ చూసి వచ్చాను. పోయిన వారం సంగతి ఇది. కోపం కాస్త చల్లారాక రాస్తున్నాను, లేకపోతే ఈ పోస్టు నిండా తిట్లే ఉండేవి.

హాలు పేరు రాయడం లేదు. భయపడి కాదు. ఈ జబ్బు ఆ ఒక్క హాలుది కాదు. పేరు రాస్తే మీరు దాన్నొక్కదాన్నీ తప్పించుకుని, అలాంటిదే ఇంకోదాంట్లో పడతారు.

నాకు పెద్ద తెర పిచ్చి. కొత్త సినిమా వస్తోందంటే అందరూ కథేంటని అడుగుతారు, నేను ఏ ఫార్మాట్లో వస్తోందని అడుగుతాను. మా చెల్లి నన్ను 'టేపు పట్టుకుని సినిమాకెళ్ళే మనిషి' అంటుంది. అలాంటివాణ్ణే బోల్తా పడ్డానంటే, సరదాగా వారాంతంలో టికెట్ కొనుక్కునేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

బుకింగ్ యాప్‌లో ఆ హాలు పేరు పక్కన 'ప్రీమియం లార్జ్' అని ఉంది. అది మల్టీప్లెక్స్ వాళ్ళు సొంతంగా పెట్టుకున్న పేరు. ఏ ఫార్మాట్ కంపెనీతోనూ సంబంధం లేదు, ఏ కొలతా అక్కర్లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెలిగిపోతున్న తెర ఫొటో ఒకటి పెట్టారు. కింద మాత్రం కుర్చీల గురించి నాలుగు లైన్లు రాసి, తెర గురించి ఒక్క ముక్కా రాయలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. సినిమా ప్రచారంలో 'కొన్ని సన్నివేశాలు పెద్ద ఫ్రేములో' అని చదివి, పెద్ద హాలు అంటే పెద్ద ఫ్రేము ఇస్తారులే అని నాకు నేనే అనుకున్నాను. ఆ పెద్ద ఫ్రేము కాపీ వేరే ఫార్మాట్‌కి మాత్రమే వెళ్ళింది. ఈ హాలుకు వచ్చింది పక్క హాళ్ళన్నిటికీ వచ్చిన మామూలు కాపీయే. ఈ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

సినిమా మొదలైంది. తెర పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ ఖాళీగా ఉండిపోయాయి. పోనీ నల్లగా ఉన్నాయా అంటే అదీ లేదు, బూడిద రంగు. చెల్లి నా చెవిలో, "అన్నయ్యా, పైనా కిందా ఇంత చోటు వదిలేశారేంటి? బొమ్మ సాగదీయమని చెప్పరాదూ" అంది. సాగదీయడం కుదరదు. ఎందుకో చెబుతాను, ఇదొక్కటి అర్థమైతే సగం మోసాలు తప్పించుకోవచ్చు.

సినిమా బొమ్మలన్నిటికీ ఒకే ఆకారం ఉండదు. ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి ఫ్లాట్, అందులో వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు. రెండోది స్కోప్, అందులో 2.39 రెట్లు. హాలు తెర 1.85 ఆకారంలో ఉండి, పడే సినిమా స్కోప్ అయితే, వెడల్పు నిండుతుంది కానీ ఎత్తులో 77 శాతమే నిండుతుంది. 20 మీటర్ల వెడల్పు తెర అనుకోండి. ఎత్తు 10.8 మీటర్లు. అందులో స్కోప్ బొమ్మకు పట్టేది దాదాపు 8.4 మీటర్లు. మిగిలిన 2.4 మీటర్లకూ మీరు డబ్బు కట్టారు, అక్కడ మాత్రం ఏమీ లేదు. అదే కాంప్లెక్స్‌లో పక్క హాలు తెర స్కోప్ ఆకారంలో, అంతే వెడల్పుతో ఉంటే ఇదే బొమ్మ ఇంతే సైజులో అక్కడా పడుతుంది, సగం ధరకు. నాకు జరిగింది సరిగ్గా ఇదే. పక్క హాల్లోకి తొంగిచూసి మరీ వచ్చాను.

ఒకప్పుడు ఖాళీ చోటు కనిపించకుండా నల్లగుడ్డ జరిపి మూసేవారు. మాస్కింగ్ అంటారు దాన్ని. చాలా కొత్త హాళ్ళలో అది ఉండదు. గుడ్డా, మోటార్లూ, వాటి మరమ్మతూ ఎందుకని వదిలేస్తున్నారు. మామూలు డిజిటల్ ప్రొజెక్టర్ పూర్తి నలుపు ఇవ్వలేదు కాబట్టి ఆ ఖాళీ పట్టీలు బూడిద రంగులో మెరుస్తూ, చీకటి సీన్లలో కళ్ళకు అడ్డం పడుతూనే ఉంటాయి.

ఇంతవరకైతే సర్దుకునేవాణ్ణి. అసలు దెబ్బ వెలుతురు దగ్గర తగిలింది.

రాత్రి సీన్లలో మనుషులెవరో తెలియలేదు. పగటి సీన్లు కూడా సాయంత్రం ఆరున్నరకు తీసినట్టున్నాయి. తెర మధ్యలో కొంచెం వెలుగు, అంచులకు వెళ్ళేకొద్దీ చీకటి. దర్శకుడి అభిరుచేమో అని అరగంట సర్దిచెప్పుకున్నాను. తర్వాత వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ క్యాబిన్ అద్దం వైపు చూశాను. ఒక కాంతిపుంజం రావాల్సిన చోట ఒకదాని మీద ఒకటి రెండు వస్తున్నాయి.

బయటికెళ్ళి టికెట్లు చూసే కుర్రాణ్ణి అడిగితే పాపం ఉన్నదున్నట్టు చెప్పాడు: "పొద్దున త్రీడీ షో పడింది సార్. మళ్ళీ రాత్రికీ త్రీడీయే. మధ్యలో ఒక్క షో కోసం లెన్స్ మార్చరు."

కొన్ని ప్రొజెక్టర్లలో త్రీడీ కోసం జంట లెన్స్ బిగిస్తారు. దాని ముందు పోలరైజింగ్ ఫిల్టర్లు ఉంటాయి. ఎడమ కంటి బొమ్మనూ కుడి కంటి బొమ్మనూ విడదీయడం వాటి పని. ఆ పనిలో సగానికి పైగా వెలుతురు మింగేస్తాయి. టూడీ సినిమాకు అవి తీసేయాలి. తీయకపోతే కళ్ళజోడు లేకుండానే నల్ల కళ్ళజోడు పెట్టుకుని చూసినట్టుంటుంది. తెర మీద వెలుతురుకు ప్రమాణం కూడా ఉంది. టూడీ డిజిటల్ సినిమాకు 14 ఫుట్-లాంబర్ట్‌లు ఉండాలి, అంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. మధ్యలో వెలుగు, అంచుల్లో చీకటి ఎందుకంటే, ఈ రకం త్రీడీకి వెండిపూత తెర కావాలి. మామూలు తెల్ల తెర తన మీద పడ్డ వెలుతురును అన్ని వైపులకూ సమంగా పంచుతుంది. వెండి తెర ఎదురుగా ఉన్నవాళ్ళకు ఎక్కువిచ్చి పక్క సీట్లవాళ్ళకు ఎగ్గొడుతుంది. 'వెండితెర' అని మనం ముద్దుగా పిలుచుకునేది టూడీ బొమ్మకు ఇంత చెరుపు చేస్తుందని ఎవరనుకుంటారు!

దీనికి తోడు, ప్రొజెక్టర్‌కు వెలుగునిచ్చే జినాన్ ల్యాంపు పాతబడేకొద్దీ మసకబారుతుంది. ఖర్చని ఆలస్యంగా మార్చే హాళ్ళున్నాయి. లేజర్ ప్రొజెక్టర్ అయితే ఈ బాధ చాలా తక్కువ.

సినిమా అయ్యాక మేనేజర్‌ను కలిశాను. నేను లెన్స్ గురించి చెబుతుంటే ఆయన నా వెనకున్న పోస్టర్ వైపు చూస్తున్నాడు. చివరికి, "ప్రీమియం హాలే సార్ ఇది. కుర్చీ వాలుతోంది కదా?" అన్నాడు. వాలుతోందండీ. నేను కుర్చీ చూడ్డానికి రాలేదు. డబ్బు వాపసు అడిగితే, సినిమా మొత్తం చూశారు కాబట్టి కుదరదన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పది నిమిషాల్లో లేచి వెళ్ళి అడిగుంటే లెన్సయినా మార్చేవాళ్ళు, డబ్బయినా ఇచ్చేవాళ్ళు. 'ఇంకాసేపు చూద్దాం' అనుకుంటూ కూర్చున్నాను చూడండి, అక్కడ పోయింది డబ్బు. ట్రైలర్లు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. వాటి ఆకారం, వెలుతురు ఒక్కోటీ ఒక్కో తీరు. అసలు సినిమా మొదలై పగటి సీను ఒకటి రానివ్వండి. అది కూడా మసకగా ఉంటే లేవండి.

ఇక పేర్ల సంగతి. బోర్డు మీద పెద్ద పేరు ఉన్నా, ఆ పేరు కింద ఏ యంత్రం ఉందో విడిగా అడగాల్సిందే. ఐమాక్స్‌నే తీసుకోండి. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో మొదలైనప్పుడు అది 70 ఎంఎం ఫిల్మును అడ్డంగా నడిపించే పద్ధతి. ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున 15 రంధ్రాలు, ఆకారం 1.43, దాదాపు చదరంలా నిలువెత్తు బొమ్మ. లెక్కేస్తే గంట సినిమాకు ఆరు కిలోమీటర్లకు పైగా ఫిల్ము నడుస్తుంది. 35 ఎంఎంలో అదే గంటకు 1.6 కిలోమీటర్లు చాలు. 2008లో డిజిటల్ పద్ధతి వచ్చింది: రెండు 2కే (అంటే బొమ్మలో అడ్డంగా దాదాపు రెండు వేల చుక్కలు, 4కే అంటే నాలుగు వేలు) జినాన్ ప్రొజెక్టర్లు, ఆకారం 1.90. ఆ తర్వాత 4కే లేజర్లు వచ్చాయి. జంట లేజర్ల మీద 1.43 తెర నిండా బొమ్మ వేయొచ్చు. ఒక్క లేజర్ ఉన్న చోట మామూలుగా 1.90. ఏదీ మోసం కాదు, దేని అందం దానిదే. కానీ 1.43 చూడాలని రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్ళి, అక్కడున్నది 1.90 అని తెలిస్తే ఎలా ఉంటుందో నన్నడగండి. అది ఇంకో సంవత్సరం కథ.

70 ఎంఎం అన్న మాటా ఇంతే. నిలువుగా నడిచే, ఫ్రేముకు 5 రంధ్రాల 70 ఎంఎం వేరు, దాని ఆకారం 2.20. 35 ఎంఎంలో తీసి 70కి పెంచిన ప్రింట్లు కూడా అదే పేరుతో ఆడాయి.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. ఎంత గొప్ప 1.43 తెరైనా, దాని మీద స్కోప్ సినిమా వేస్తే 40 శాతం తెర ఖాళీ. అందుకే నేనిప్పుడు హాలు కంటే ముందు సినిమా ఆకారం చూస్తున్నాను. మొత్తం స్కోప్‌లో తీసిన సినిమా అయితే, స్కోప్ తెర, మంచి లేజర్ ఉన్న హాలుకే వెళ్తాను, బోర్డు మీద ఏ పేరూ లేకపోయినా సరే. చీకటి సీన్లు ఎక్కువున్న సినిమా అయితే 'డాల్బీ సినిమా' అనే ఫార్మాట్ ఉన్న హాలు దగ్గర్లో ఉందేమో వెతుకుతాను. అక్కడ టూడీకి 31 ఫుట్-లాంబర్ట్‌ల వరకు వెలుతురు ఇస్తారు, పది లక్షలకు ఒకటి కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ వెలుతురులో తేడా) అని వాళ్ళు చెప్పే లెక్క. తెరలో ఖాళీ మిగిలినా అది గది చీకట్లో కలిసిపోతుంది. ఒక్క గమనిక: డాల్బీ సినిమా వేరు, డాల్బీ అట్మాస్ వేరు. అట్మాస్ 2012లో వచ్చిన శబ్ద పద్ధతి, పైకప్పులో కూడా స్పీకర్లుంటాయి. గుమ్మం మీద అట్మాస్ గుర్తు ఉంటే స్పీకర్ల గురించి ఏదో తెలుస్తుంది కానీ, బొమ్మ గురించి ఏమీ తెలియదు.

సీటు విషయానికొస్తే, తెర వెడల్పు ఎంతో అంత దూరం నుంచి, దానికి ఒకటిన్నర రెట్ల దూరం లోపల కూర్చుంటేనే పెద్ద తెర పెద్దదిగా ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే పెద్ద తెర డబ్బు పెట్టి చిన్న తెర చూసినట్టే. ముందు సీట్లు ఇష్టమైతే 2కే ప్రొజెక్టరా, 4కే ప్రొజెక్టరా అని అడగండి. తెర వెడల్పంత దూరంలో కూర్చుంటే 2కే చుక్కలు మంచి చూపున్నవాళ్ళకు లీలగా కనిపిస్తాయి, 4కే చుక్కలు కనిపించవు.

ఇవన్నీ ఫోన్ చేసి అడిగితే చెప్తారా అంటే, సగం చోట్ల చెప్పరు. "తెర పెద్దదే సార్" అంటారు. అలాంటప్పుడు నేను మూడే అడుగుతున్నాను: తెర స్కోప్‌దా ఫ్లాట్‌దా, ప్రొజెక్టర్ లేజరా ల్యాంపా, ఆ రోజు అదే హాల్లో త్రీడీ షోలు ఉన్నాయా. మూడో ప్రశ్నకు జవాబు యాప్‌లోనే దొరుకుతుంది, ఆ హాలు షోల పట్టిక చూస్తే చాలు. నేను ఆ పట్టిక చూసే టికెట్ కొన్నాను. ముందూ వెనకా త్రీడీ అని కనబడుతూనే ఉంది. బుర్రకెక్కలేదు.

వాపసు బదులు మేనేజర్ నాకో కూపన్ ఇచ్చాడు. ఒక టికెట్ ఉచితం. అదే హాల్లో, అదే తెర మీద, నెల లోపల వాడుకోవాలి. చెల్లికి ఇవ్వబోతే, "నువ్వే వెళ్ళు, టేపు మర్చిపోకు" అంది.