కివు సరస్సు కొండల్లో అద్దె సైకిల్: గైడ్‌కి అయిదు నక్షత్రాలు, బ్రేకులకి ఒకటి

రువాండాలో కివు సరస్సు ఒడ్డున రుబావు నుంచి రుసిజి దాకా 227 కిలోమీటర్ల కాంగో నైలు ట్రెయిల్ ఉంది. అంతా తొక్కే సెలవు నాకు లేదు. రుబావు నుంచి కినును వరకు ఒక రోజు ప్రయాణానికి అక్కడి ఒక షాపులో మౌంటెన్ సైకిల్‌నీ, గైడ్‌నీ మాట్లాడుకున్నాను.

ఆరున్నరకి బయల్దేరాం. భూమధ్యరేఖకి అంత దగ్గర కాబట్టి ఏడాదంతా సాయంత్రం ఆరు దాటితే చీకటే, అందుకే ఆ తొందర. రుబోనా రేవు, బ్రాలిర్వా బీరు ఫ్యాక్టరీ, వేడినీటి బుగ్గలు దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఎర్రమట్టి దారి. సరస్సే 1,460 మీటర్ల ఎత్తున ఉంది. పెద్ద కొండ ఒక్కటే అయితే కష్టపడి ఎక్కేసి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ నీళ్లలోకి చొచ్చుకొచ్చిన ప్రతి కొండకొమ్మునీ ఎక్కాలి, దిగాలి, కింద వాగు దాటి మళ్లీ ఎక్కాలి. గేర్లు బాగా పనిచేశాయి. అన్నిటికంటే చిన్న గేరులో నడిచేంత మెల్లగా అయినా చాలా ఎత్తులు తొక్కే ఎక్కాను.

తేడా వచ్చింది దిగేటప్పుడు. మూడో పల్లంలో వెనక బ్రేకు లివర్ హ్యాండిల్‌కి ఆనిపోయింది. సైకిల్ ఆగలేదు, ఇనుము రాసుకుంటున్న కీచుమన్న మోత మాత్రం వచ్చింది. కాళ్లు నేలకి రాసి, గట్టుకి ఒరిగి ఆగాను. చేతులు వణికాయి. గైడ్ చక్రం విప్పి చూపించాడు: బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి వెనక రేకు బయటపడింది. షాపువాళ్లిచ్చిన సంచిలో పంపు, ట్యూబు, పంక్చర్ సామాను ఉన్నాయి, ప్యాడ్లు లేవు. ఇన్ని పల్లాలున్న దారికి సైకిల్ ఇస్తూ బ్రేకులు చూడకపోవడం నేను క్షమించలేను.

ఆ అబ్బాయి ఒక్క మాట విసుక్కోకుండా తన సైకిల్ నాకిచ్చి, సీటు నా ఎత్తుకి దించాడు. నాది తను తీసుకుని, ఎత్తులు తొక్కుతూ, పల్లాలన్నీ దిగి నడిపించుకుంటూ వచ్చాడు. నేను ముందు వెళ్తుంటే వెనక నుంచి "బుహోరో, బుహోరో" అని అరిచేవాడు. మెల్లగా, మెల్లగా అని. గేర్లే లేని ఇనుప సైకిళ్ల మీద పచ్చి అరటి గెలలు కట్టుకుని ఎత్తు మీదికి తోసుకెళ్తున్న మనుషులని ఆపి, దారిలో ఎక్కడ బురదగా ఉందో అడిగి తెలుసుకునేవాడు. ఇళ్ల ముందు పిల్లలు "ముజుంగు" (విదేశీ మనిషి) అని కేకలేస్తూ వెంటపడితే వాళ్లని సైకిళ్లకి తగలకుండా నవ్వుతూనే పక్కకి జరిపేవాడు.

మధ్యాహ్నం ఒక చిన్న కొట్లో చపాతీ, ఉడికిన బీన్స్ తిన్నాం. టీని అక్కడ ఇచాయి అంటారు. పాలతో, బాగా తీపిగా ఉంది, రెండు తాగాను. ఇలాంటి చోట్లకి చిన్న ఫ్రాంకు నోట్లు దగ్గర ఉంచుకోండి.

అయిదింటికి ఆఖరి మలుపు తిరిగేసరికి సరస్సంతా కిందే పరుచుకుని, దూరంగా కాంగోకి చెందిన ఇజ్వీ దీవి నీలంగా కనిపించింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. కినునులో కాఫీ పళ్లు కడిగే స్టేషన్ పక్కన దిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. అయినా మర్నాడు కూడా తొక్కాలనిపించింది.

షాపు దగ్గర రెండు చక్రాలూ విప్పించి ప్యాడ్లు కళ్లారా చూడండి. మార్చుకోడానికి కొత్త ప్యాడ్లు ఒక జత సంచిలో పెట్టించుకోండి. వర్షాలు ఎక్కువగా పడే మార్చి నుంచి మే వరకు ఆ మట్టి చక్రాలకి అంటుకుపోతుంది కాబట్టి జూన్ తర్వాత వెళ్లండి. గైడ్ లేకుండా మాత్రం వెళ్లకండి.

పడవలో తిరిగొచ్చి షాపులో విషయం చెప్పాను. ఓనర్ ఆ సైకిల్‌కి నా ఎదుటే కొత్త ప్యాడ్లు వేయించాడు. అద్దెలో సగం తిరిగి ఇవ్వబోతే, దాన్ని గైడ్‌కి ఇమ్మన్నాను.