నాలుగేళ్లుగా వాడుతున్న కార్టికోస్టెరాన్ కిట్: నెత్తురు మానేసి పెంటికలు ఏరడం మొదలెట్టాక

కార్టికోస్టెరాన్ అంటే ఎలుకల్లో ఒత్తిడి హార్మోను. దాన్ని యాంటీబాడీతో పట్టి, రంగును బట్టి కొలిచేదే ఈ ఎలైసా కిట్; అంతకు మించిన వివరాలు వదిలేస్తున్నా. ఈ కిట్‌లో నాకు నచ్చింది ఒక్కటే: నెత్తురుతోనే కాదు, ఎలుక పెంటికలతోనూ పనిచేస్తుంది.

మొదట్లో మేమూ తోక దగ్గర గాటు పెట్టి నెత్తురే తీసేవాళ్లం. ఒత్తిడికి సంబంధించిన ఒక జన్యువు తీసేసిన నాకౌట్ ఎలుకలు, వాటి మామూలు తోబుట్టువులు. నమూనాలు పోసే చిన్న గుంటలున్న ఈ కిట్ ప్లేటులో పసుపు రంగు ఎంత పలచబడితే కార్టికోస్టెరాన్ అంత ఎక్కువ కదా, నాకౌట్ల గుంటలు నీళ్లలా తేటగా వచ్చాయి. రెండో బ్యాచ్‌లోనూ అంతే. ల్యాబంతా సంబరం.

మూడో బ్యాచ్‌లో లెక్క తిరగబడింది. ఈసారి మామూలువాటి గుంటలు తేటగా ఉన్నాయి! కిట్ పాడైందని తిట్టుకుని కొత్తది తెప్పించాను, అదే తంతు. చివరికి నోట్‌బుక్ తిరగేస్తుంటే దొరికింది. ఎప్పుడూ పై అర నుంచే మొదలుపెట్టేవాళ్లం, అక్కడ మామూలు ఎలుకలు ఉండేవి. మూడోసారికి గది కడిగినప్పుడు అరలు తారుమారయ్యాయి. ఎలుకను ముట్టుకున్న మూడు నిమిషాల్లో నెత్తురు తీయకపోతే హార్మోను ఎక్కడం మొదలవుతుంది. పక్క కేజ్‌ల చప్పుడు వింటూ అరగంట కూర్చున్నదాని సంగతి చెప్పక్కర్లేదు. అన్నాళ్లూ మేం కొలిచింది మా హడావిడినే.

తర్వాత పెంటికలకు మారాం. కేజ్‌లో కాగితం పరిచి ఫోర్సెప్స్‌తో ఏరుకోవడమే. హార్మోను అవశేషాలు వాటిలోకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, అప్పుడు మనం చేసే అలజడి ఆ లెక్కలోకి రాదు. రెండు గుంపుల మధ్య తేడా దాదాపు మాయమైంది. మా మేడమ్ ముఖం చూడాల్సింది.

ఇంత మెచ్చుకున్నాను గానీ, పెంటికల్లో ఉండేది చాలావరకు అసలు హార్మోను కాదు, కాలేయం మార్చేసిన రూపాలు. ఈ యాంటీబాడీ వాటిలో కొన్నిటినే పట్టుకుంటుంది, కాబట్టి మీ ఎలుకల్లో ముందు సరిచూసుకోవాలి. ఆడ, మగవాటిని ఒకదాంతో ఒకటి పోల్చకండి. మీరు తీసేసిన జన్యువుకు కాలేయంతో పని ఉంటే ఈ అంకెల్ని నమ్మలేం. కదలకుండా బిగించిన పావుగంటకే ఎంత పెరిగిందో కావాలంటే నెత్తురు తప్పదు.

మాది చిన్న ల్యాబ్, ఎలుకల పనంతా నాదొక్కదానిదే, అదీ మామూలు రోజుల లెవెల్స్ చూడటానికే. నాకైతే సరిపోయింది. ఫ్రిజ్‌లో ఇంకా రెండు ప్లేట్లున్నాయి. అవయ్యాక కూడా ఇదే తెప్పిస్తాననుకుంటా, పెంటికలు ఏరే ఓపిక ఉంటే.