కుక్క తెరవలేని లాక్ అంటూ అమ్ముతున్నారు, కొనేముందు స్టిక్కరు కింద ఏముందో చూడండి

తిరుపతిలో కుక్కలనో పిల్లులనో పెంచుకుంటున్నవారందరికీ. తలుపులు తెరవడం నేర్చిన జంతువుల కోసమని ‘పెట్ సేఫ్టీ లాక్’ అమ్ముతున్న ఆ దుకాణం పేరు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఇంట్లో కుక్క ఉన్న ప్రతివారి ఫోనుకూ ఆ దుకాణదారు వీడియో ఏదో ఒక దారిన వచ్చే ఉంటుంది. ఫోను చేస్తే చాలు, మనిషిని పంపి బిగించి వెళ్తారు. ఒక్కోటి 850 రూపాయలు. నేను మూడు తీసుకున్నాను. మీరు ఒక్కటి కూడా తీసుకోకండి.

మాది లాబ్రడార్, పేరు లక్కీ. కొర్లగుంటలో పాత ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు. అక్కడ తలుపులకు పైన గడియలు ఉండేవి. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఫ్లాటుకు మారాక ప్రతి గదికీ పొడవాటి హ్యాండిల్. మనుషులు దాన్ని కిందికి నొక్కితే తలుపు తెరుచుకుంటుందని లక్కీ రెండు పూటలు గమనించింది, అంతే. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాలు హ్యాండిల్ మీద వేస్తే దాని బరువుకే హ్యాండిల్ దిగుతుంది, తలుపు దానంతట అదే లోపలికి పోతుంది. మా అత్తగారు పూజలో ఉండగా వెళ్లి పక్కన కూర్చునేది. అక్కడిదాకా ముచ్చటగానే ఉంది.

ఇక ఆ వీడియో. కుక్కపిల్ల హ్యాండిల్ పట్టుకుని వేలాడుతుంది, తలుపు కదలదు, వెనక చప్పట్లు. చూసి మురిసిపోయి ఆర్డరు ఇచ్చాను. మొన్న కోపంతో అదే వీడియో ఆపి ఆపి చూస్తే తెలిసింది సంగతి. తలుపు బందులు కెమెరా వైపే కనబడుతున్నాయి. అంటే ఆ తలుపు కుక్క వైపుకే తెరుచుకుంటుంది. అలాంటి తలుపుకు లాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. కుక్క హ్యాండిల్ నొక్కినా దాని ఒళ్లంతా తలుపు మీదే ఉంటుంది కాబట్టి అదే మూసి పట్టుకున్నట్టవుతుంది. చప్పట్లు కొట్టవలసింది బందులకు. మన ఇళ్లలో గది తలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకునేవే. హాల్లో నిలబడ్డ కుక్క తోస్తే చాలు. ఈ తేడా అమ్మేవాడికి తెలియదని నేను అనుకోను.

బిగించడానికి వచ్చిన కుర్రవాడిని అని లాభం లేదు, వాడికి చెప్పిన పని వాడు చేశాడు. రెండు ప్లాస్టిక్ బిళ్లలు, మధ్యలో ఒక పట్టీ, వెనక జిగురు టేపు. ఇంతే లాక్. ఒక బిళ్ల తలుపుకు, ఇంకొకటి ద్వారబంధానికి. నిగనిగలాడే ఎనామిల్ పెయింటు మీద పొడి గుడ్డతో ఒక్కసారి తుడిచి, అంటించి, ‘ఇప్పటి నుంచే వాడుకోవచ్చమ్మా’ అని వెళ్లిపోయాడు. లోపలున్న చీటీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందంటే, అంటించిన తరువాత 24 గంటలు లాగకూడదట. ఆ చీటీ నేను చదివేసరికి జరగవలసింది జరిగిపోయింది.

మా ఆడపడుచు కుటుంబం దర్శనం చేసుకుని వస్తూ అందరికీ పంచడానికి లడ్డూలు తెచ్చింది. బుట్టలో పెట్టి సామాన్ల గదిలో ఉంచి, కొత్త లాక్ వేసి, నిశ్చింతగా పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే ఒక బిళ్ల తలుపు పెయింటును అరచేతి వెడల్పున పెచ్చులా ఊడదీసుకుని పట్టీకి వేలాడుతోంది. ప్లాస్టిక్ మాత్రం చెక్కు చెదరలేదు, ఆ విషయంలో కంపెనీని మెచ్చుకోవలసిందే. లోపల ఖాళీ కవర్లు, నేయి మరకలు, మూతి నాకుకుంటూ లక్కీ.

నవ్వుకునే విషయమని మీకు అనిపిస్తే, లడ్డూలో ఏముంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. జీడిపప్పు, యాలకులు, కలకండ, వాటితోపాటు ఎండుద్రాక్ష. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషం. మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎంత తింటే ప్రమాదమో ఒక లెక్క లేదు, ఒక కుక్కకు ఏమీ కాకపోవచ్చు, ఇంకో కుక్క కొద్దిపాటికే పడిపోవచ్చు. వాంతులు మొదలయ్యేదాకా చూద్దామని కూర్చుంటే విలువైన సమయం పోతుంది. మా వారు ఆఫీసు మాని, ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రికి పరుగెత్తారు. వాంతి చేయించారు, సెలైన్ ఎక్కించారు, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూశారు, మళ్లీ చూడాలని రమ్మన్నారు. బతికింది. అన్నం ముట్టక మూలన పడుకున్న ఆ రోజులు మాత్రం నాకు ఇంకా కళ్లలోనే ఉన్నాయి.

దుకాణానికి వెళ్లింది 2,550 రూపాయల కోసం కాదు. ‘ఇలా జరిగింది, ఇంకొకరికి ఇలా అంటించి ఇవ్వకండి’ అని చెప్పడానికి. కౌంటరు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు, అందులో ఒకావిడ చేతిలో ఇదే లాక్. ఆయన నేను చెప్పినదంతా విన్నాడు. విని, ఆవిడ వైపు తిరిగి నవ్వి ఏమన్నాడో యథాతథంగా రాస్తున్నాను.

‘స్వామివారి ప్రసాదం తిన్నది కదమ్మా, పుణ్యం చేసుకున్న కుక్క. మీరెందుకు బాధపడతారు?’

నాకు నోట మాట రాలేదు. ఆసుపత్రిలో సెలైన్ సూది పెట్టిన కాలు చూసి వచ్చాను నేను. ఈ ఊరివాడు, ప్రసాదం కళ్లకు అద్దుకునేవాడే, దాన్ని అడ్డం పెట్టుకుని తన సరుకును కాపాడుకుంటున్నాడు. అది చాలదన్నట్టు, ‘ముందు కుక్కను అదుపులో పెట్టుకోవడం నేర్చుకోండి మేడమ్, లాక్ ఎవరైనా అమ్ముతారు’ అని ఉచిత సలహా కూడా. అంతవరకు ‘అమ్మా’ అన్న మనిషి డబ్బు మాట వస్తుందేమోనని అనుమానం రాగానే ‘మేడమ్’లోకి దిగిపోయాడు.

అప్పుడు తీశాను సంచిలోంచి కవరు. ఇంట్లో పెయింటు పెచ్చును పట్టుకుని చూస్తున్నప్పుడు, లాక్ వచ్చిన కవరు మీద కుక్క బొమ్మ ఉన్న స్టిక్కరు ఒక మూల లేచి కనబడింది. గోటితో గీకాను. కింద ఇంకో ముద్ర, నవ్వుతున్న పసిపాప బొమ్మ. డ్రాయర్లకు, ఫ్రిజ్‌కు, పిల్లల భద్రత కోసం. గరిష్ఠ చిల్లర ధర 249 రూపాయలు. నడక నేర్చుకునే పాప ఫ్రిజ్ తెరవకుండా చేసినదాన్ని ముప్పై కిలోల లాబ్రడార్‌ను ఆపుతుందని మనకు అంటగట్టారు, ధర మూడింతలు దాటించి. అది చూపించగానే ఆయన నవ్వు ఆగింది. ‘స్టిక్కరు కంపెనీవాళ్లే వేస్తారు’ అంటూ కవరు నా చేతిలోంచి లాక్కుని, నా కళ్లముందే రెండుగా చించి కౌంటరు కింద పడేశాడు. మిగతా రెండు కవర్లు ఇంట్లో ఉన్నాయని ఆయనకు తెలియదు, పాపం. లాక్ పట్టుకున్న ఆవిడ మాత్రం దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

బిల్లు అడిగితే ఇంకో వినోదం. నాకు ఇచ్చిన కాగితం మీద పైన ‘ఎస్టిమేట్’ అని ఉందట, కాబట్టి అది బిల్లు కాదట, కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదట. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం అంచనా వేసి తీసుకోలేదు.

ఇంటికి వచ్చి తెలిసినవారిని అడిగితే, ప్యాకేజీ వస్తువుల మీద 2011 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ధర పెంచుతూ స్టిక్కరు అంటించడమే తప్పు. ధర తగ్గించడానికి అంటించవచ్చు, అప్పుడు కూడా పాత ధరను కప్పేయకూడదు. దీన్ని చూడవలసింది తూనికలు కొలతల శాఖ. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకపోతే సరుకు వెనక్కి ఇవ్వడానికి 30 రోజులు ఉంటుంది మనకు. మిగిలిన రెండు కవర్ల ఫొటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డబ్బు వస్తుందో రాదో చూడాలి. ఆ పుణ్యం మాట మాత్రం నేను వదలను.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవారు కవర్లు పారేయకండి, స్టిక్కరు మూల లేపి ఫొటో తీసి పెట్టుకోండి. మా సామాన్ల గదికి వడ్రంగిని పిలిచి తలుపు పైభాగంలో మామూలు టవర్ బోల్ట్, అంటే జరిపే గడియ, స్క్రూలతో బిగించించాం. కూలితో కలిపి కూడా వీళ్ల ఒక్క లాక్ ఖరీదు కాలేదు. లక్కీ కింద నిలబడి దానివైపు చూస్తుంది, అందదు. హ్యాండిల్ తీసేసి గుండ్రటి నాబ్ వేయించుకున్నా పనిచేస్తుందని వడ్రంగే చెప్పాడు, పట్టుకుని తిప్పడం పంజాతో అయ్యే పని కాదు. పిల్లులున్నవారు జరిపే కిటికీల దోమతెర కూడా చూసుకోండి, అంచుకు గోరు తగిలించి పక్కకు లాగడం వాటికి ఎంతసేపు. ఒక్కటి, బయటి గడియను మనుషులు పడుకునే గదులకు, స్నానాల గదికి పెట్టించకండి. మా అత్తగారు లోపల ఉండగానే అలవాటుకొద్దీ బయట గడియ వేసి కూరగాయలకు వెళ్లాను నిన్న.